జీపు కింద హీటరు

ఆ ఏడు కోతల పండగనాడు, ఆరాధన అయిపోయి గుడి బయట కానుకల వేలం జరుగుతుండగా, జోయెల్ చెవి మీద ఈగ వాలింది. జోయెల్ చెయ్యెత్తి దాన్ని తోలాడు. సంఘపెద్ద బల్ల మీద చరిచి "మూడోసారి!" అన్నాడు. దాంతో ఎలక్ట్రిక్ హీటరు జోయెల్ సొంతమైంది. ఈగ ఎగిరిపోయింది.

నిజానికి జోయెల్ అక్కడ కూర్చున్నది నల్లకోడి కోసం. కోతల పండక్కి విశ్వాసులు తలా ఒకటి తెచ్చి గుడికి ఇస్తారు. గుమ్మడికాయలు, కొబ్బరిగెలలు, జీడిపప్పు, కోళ్లు. అవన్నీ వేలంలో పాడుకుని మళ్లీ ఎవరింటికి వాళ్లు మోసుకుపోతారు. ఆ ఏడు, సైన్యంలో పనిచేసి రిటైరై వచ్చిన ప్రేమ్ సాగర్ ఉత్తరాదిలో కొన్న గది హీటరు కానుకగా తెచ్చాడు. ఉద్దానంలో ఉక్కపోతకి ఫ్యాన్లు అరిగిపోతాయి గానీ, గదిని వేడి చేసుకునే మనిషి ఎక్కడుంటాడు? జనం దాని చుట్టూ తిరిగి చూశారు, తాకి చూశారు, గుమ్మడికాయ పాడుకోడానికి వెళ్లిపోయారు.

"అయ్యా, నాను ఈగని తోలినాను" అన్నాడు జోయెల్ లేచి.

"ఈగకోసం ఎత్తినా సెయ్యి ఎత్తినట్టే. దేవుడి సొమ్ము, ఎనక్కి తీసుకోం" అన్నాడు సంఘపెద్ద.

ఇంటికొచ్చేసరికి మిరియం వీధరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. పెళ్లాం మొహం చూసి జోయెల్ హీటరుని తువ్వాలు కింద దాచాలని చూశాడు. అది దాగేదా!

"కోడేదీ?"

"కోడి నేదు. ఇది వచ్చినాది."

మిరియం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు ఇనప జాలీ, లోపల రెండు కడ్డీలు, వెనకాల అద్దంలా మెరిసే రేకు. "ఇది గుడ్డెడతాదేటి?" అంది. హీటరు అటకెక్కింది.

జోయెల్ ఊరు పలాస నుంచి సముద్రం వైపు పోయే దారిలో, కొబ్బరి తోటలకీ జీడి తోటలకీ మధ్య ఉంటుంది. తండ్రి జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేశాడు. జోయెల్‌కి ఆ పొగ పడలేదు. మీసాలు రాకముందే పలాసలో లారీ మీద క్లీనరుగా చేరాడు, తరవాత డ్రైవరయ్యాడు, క్రైస్తవ మిషను కాంపౌండు వాళ్లు పాత డీజిల్ జీపు వదిలించుకుంటుంటే తను తగిలించుకున్నాడు. జీపుకి అప్పటికే వయసు మళ్లింది. పెళ్లి టెక్కలి గుడిలో జరిగింది. తిరుగు ప్రయాణంలో నందిగాం దగ్గర జీపు ఆగిపోతే, పెళ్లికూతురు తెల్లచీరె కుచ్చిళ్లు ఎగ్గట్టి, తన అక్క సలోమితో కలిసి వెనకనుంచి తోసింది. పెళ్లికొడుకు మాత్రం దిగలేదు. డ్రైవింగు వచ్చినవాడు అతనొక్కడే మరి.

ఆ దంపతులకి పిల్లల్లేరు. ఇంట్లో మూడో ప్రాణి ఆ జీపే. మిరియం దాన్ని "నా సవితి" అనేది. జోయెల్ పొద్దున్నే దాని అద్దం తుడుస్తుంటే, "సవితికి మొకం కడగడం అయితే నాకు టీ పెట్టు" అని కేకేసేది. ఆ జీపు ఎన్ని పెళ్లిళ్లకి తిరిగిందో, ఎన్ని జీడిబస్తాలు మోసిందో లెక్కలేదు. తరవాత ఆటోలొచ్చాయి. జీపు ఎక్కేవాళ్లు తగ్గారు. ఎవరో పాత ఇనుము కింద అడిగితే జోయెల్ అమ్మకానికి సిద్ధపడ్డాడు కూడా.

అప్పుడే మిరియం కాళ్లు పొంగాయి.

ఉద్దానంలో కాళ్లు పొంగితే ఏమిటని ఎవరూ అడగరు. ఏ వీధికెళ్లినా కిడ్నీలు చెడిపోయిన మనిషి ఒకరుంటారు. ఎందుకొస్తుందో చెప్పేవాళ్లు వచ్చారు, వెళ్లారు, బోరునీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. జబ్బు మాత్రం ఉండిపోయింది. మందులతో కొన్నాళ్లు నడిచాక, మిరియంకి డయాలిసిస్ మిషను మీద రక్తం కడిగించడమే దారన్నారు. వారానికి మూడుసార్లు పలాస ఆసుపత్రికి. ఆమెకి దొరికిన వంతు పొద్దుటిది. అందరికంటే ముందు మిషను మీద పడుకోవాలి. ఊళ్లోకి మొదటి బస్సు వచ్చేసరికి ఆ వంతు సగం అయిపోతుంది. ఆటోలో పోతే రెండు పక్కలనుంచీ గాలి. అసలే ఆ మనిషికి ఒంట్లో రక్తం లేదు.

అమ్మకానికి పెట్టిన జీపుని జోయెల్ మళ్లీ లోపలికి తెచ్చుకున్నాడు.

సముద్రం ఒడ్డున చేపల వేటకి పోయే ధర్మారావు అనే అతనికీ అదే జబ్బు, అదే వంతు. తెల్లారగట్ల తలకి తువ్వాలు చుట్టుకుని, ఇసకలో నడిచొచ్చి జీపెక్కేవాడు. అతని పెళ్లాం దాలమ్మ వారం వారం మిరియంకి ఎండుచేపలు పంపేది. ఉప్పు తినకూడదని ఎన్నిసార్లు చెప్పినా, "నీళ్లల్లో కడిగి కడిగి ఎట్టినాను, ఉప్పు నేదు, ఏటీ నేదు" అని మళ్లీ పంపేది. మిరియం ఆ పొట్లం విప్పి, కళ్లు మూసుకుని వాసన చూసుకుని, జోయెల్ కంచంలో వేసేది.

ఎండాకాలం, వానాకాలం గడిచిపోయాయి. కార్తికం దాటాక వచ్చింది చిక్కు.

ఉద్దానంలో చలంటే ఏదో కొండల మీద చలి కాదు. తోటలమీదనుంచి మంచు దిగుతుంది, సముద్రం గాలి తగుల్తుంది, జనం చెవులకి మఫ్లర్లు కట్టుకుని "ఓలమ్మో" అంటారు, పొద్దెక్కాక చొక్కాలు విప్పేస్తారు. అంతే. కానీ ముసలి డీజిల్ ఇంజనుకి ఆ మాత్రం చాలు. దాన్ని పొద్దున్నే వేడిచేసి లేపడానికి పుట్టుకతో ఉన్న హీటర్ ప్లగ్గులు ఎప్పుడో కాలిపోయాయి. లోపల రింగులు అరిగిపోయాయి. తాళం తిప్పితే కాస్త దగ్గి ఊరుకునేది.

"ఇంజను మొత్తం విప్పాల మావా. నెల్లాళ్లు నా షెడ్డులో ఉండాల" అన్నాడు కాశీబుగ్గ మెకానిక్ నాగరాజు.

"నెల్లాళ్లు మిరియంని ఎక్కడ ఉంచమంటావు?" అన్నాడు జోయెల్.

నాగరాజు పానా కింద పెట్టేశాడు.

జోయెల్ రేడియేటరులో వేడినీళ్లు పోసి చూశాడు. కిరసనాయిలు గుడ్డ కర్రకి చుట్టి, ఇంజను అడుగున నూనె ఉండే చాంబరు కింద మంటపెట్టి చూశాడు. ఆ ప్రయత్నంలో కుడి కనుబొమ్మ పోయింది. ఆదివారం గుడికి మిరియం కాటుకతో దిద్దిన కనుబొమ్మతో వెళ్లాడు. పాట మధ్యలో చెమట పట్టి అది చెంపమీదకి దిగింది. పాస్టరుగారు కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ రోజు అందరికంటే గట్టిగా కళ్లు మూసుకున్నది ఆయనే.

ఆ సాయంత్రం మిరియం అటకవైపు చూసి అంది. "ఆ గుడ్డెట్టనిదాన్ని దించు."

రెండిటుకలు పేర్చి, వాటిమీద హీటరు వెల్లకిలా పెట్టి, జీపు చాంబరు కిందకి తోశారు. గాలి తగలకుండా చుట్టూ రేకుముక్కలు. ఇంజను పైన బానెట్టు మీద మిరియం పాతచీరెలతో కుట్టిన బొంత కప్పారు. తెల్లారగట్ల గంటసేపు అలా కాగాక జోయెల్ తాళం తిప్పాడు. జీపు రెండుసార్లు దగ్గి, మూడోసారి నల్లటి పొగ వదిలి లేచి కూర్చుంది. ధర్మారావు తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. పక్కనే గుడిలో ఉదయకాల ప్రార్థన చేస్తున్న ఆడవాళ్లు, హీటరు లాగిన కరెంటుకి మైకు మూగబోయి దీపాలు మినుకుమినుకుమంటుంటే, ప్రభువు రాకడేమోనని బయటికొచ్చారు. బయట జోయెల్ ఉన్నాడు, నల్లటి మొహంతో.

లైన్‌మేన్ సునీల్ వచ్చి స్తంభం మీద తీగ చూశాడు. "హీటరు ఒక్కటే. ఇంకోటి పెట్టినావంటే తీగ తెగి గుడి మీద పడతాది" అని చెప్పిపోయాడు.

హీటరు ఒక్కటే అన్న మాట దగ్గరే అసలు కష్టం మొదలైంది. ఎందుకంటే, ఆ పాటికి అది ఇద్దరికి కావలసొచ్చింది.

రక్తం కడిగించుకుని వచ్చిన రోజు మిరియంకి వణుకు పుట్టేది. రగ్గులకి లొంగే వణుకు కాదు, ఎముకల్లోంచి వచ్చేది. జీపు వెచ్చబడడం చూశాక జోయెల్ ఒకరోజు హీటరు తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టాడు. కడ్డీలు ఎర్రబడ్డాయి. మిరియం అరిచేతులు చాపి, తరవాత అరికాళ్లు చాపి, "ఓలమ్మ, ఇదెంత బాగుందీ!" అంది. చిన్నపిల్ల కొత్త గాజులు చూసుకున్నట్టు చేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

అప్పటినుంచి రాత్రంతా హీటరు ఆమెది. వంతు ఉన్న రోజు తెల్లారగట్ల మంచు ముదిరి, చలి పళ్లు కొరికే ఆ గంట మాత్రం జీపుది. జోయెల్ తువ్వాలు మడతపెట్టి, వేడి హీటరు పట్టుకుని, తలుపు దగ్గర నిలబడిపోయేవాడు.

"ఇంకాసేపు ఉంచనా?"

"వొద్దు, తీసుకెళ్లు. నాకు సలి నేదు."

"పళ్లు టకటకలాడతన్నాయి గదే."

"ప్రార్థన సేసుకుంటన్నాను. ముందు సవితికి ఎట్టు. అది కదిల్తేనే గదా నాను కదిలేది."

ఊళ్లోవాళ్లకి ఇది మంచి కాలక్షేపమైంది. "ఏం బావా, ఈ పొద్దు పెద్దామెకి ఎట్టినావా, సిన్నామెకి ఎట్టినావా?" అని ధర్మారావు వచ్చినప్పుడల్లా అడిగేవాడు. జోయెల్ నవ్వేవాడు. నవ్వుతూనే జీపు కింద దూరి, హీటరు సరిచేసి, మళ్లీ లోపలికి పరిగెత్తి ఆమె కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని అరిచేతుల్తో రుద్దేవాడు. చేతులకి ఇంజను నూనె. ఆమె పాదాలకి నల్లటి మరకలు. ఆసుపత్రిలో నర్సమ్మ ఆ కాళ్లు చూసి, "పొలంనుంచి వచ్చావా?" అని అడిగితే, మిరియం "నేదమ్మా, మా ఆయన ముగ్గులెట్టినాడు" అంది.

క్రిస్మస్ వెళ్లింది. ఈసారి పాటలవాళ్ల వెంట మిరియం తిరగలేదు. వాళ్లే వచ్చి ఆమె కిటికీ దగ్గర పాడారు. కొత్త సంవత్సరం ఆరాధనకి జోయెల్ ఆమెని జీపులోనే గుడి గుమ్మందాకా తీసుకెళ్లాడు. గుమ్మం వాళ్లింటి పక్కనే. "ఇంత దూరానికి జీపేటి, సిగ్గు కాదూ" అంటూనే ఎక్కింది. దిగేటప్పుడు అతని భుజం మీద వేసిన చెయ్యి ఇంతకుముందుకంటే తేలికగా ఉంది. జోయెల్‌కి ఆ తేలికే బరువనిపించింది.

తరవాత వచ్చిన ఒక మంగళవారం మంచు దట్టంగా పట్టింది. అరుగు మీద నిలబడితే జీపు కనిపించలేదు. జోయెల్ తువ్వాలు మడతపెట్టుకుని హీటరు దగ్గర వంగాడు.

మిరియం అతని మణికట్టు పట్టుకుంది.

"ఈ పొద్దు నాకే ఉంచు" అంది.

అన్ని వారాల్లో ఆమె ఆ మాట అనడం అదే మొదలు.  నిజం చెప్పాలంటే, జోయెల్‌కి సంతోషం వేసింది. ఎన్నాళ్లుగానో ఆమె నోటినుంచి ఫలానాది కావాలన్న మాట వినలేదు. "అలగే, నీకే" అన్నాడు. హీటరు ఇంకాస్త దగ్గరికి జరిపాడు. బయటికొచ్చి, బొంత రెండు మడతలు వేసి జీపుమీద కప్పి, రేడియేటరులో వేడినీళ్లు పోశాడు. ఒక్క రోజుకి లేస్తుందిలే అనుకున్నాడు.

లేవలేదు.

ధర్మారావు, అతనితో వచ్చిన ఇంకో ఇద్దరు రోగులు, గుడిలోంచి వచ్చిన ఆడవాళ్లు కలిసి వీధి చివరిదాకా తోశారు. ఇసకలో చక్రాలు కూరుకుపోయాయి. బ్యాటరీ అడుగంటింది. తోసినవాళ్లలో సగంమంది పలాసలో మిషను మీద పడుకోవాల్సినవాళ్లే. ఆయాసంతో జీపుకే చేరబడ్డారు.

"హీటరు ఎట్టనేదేటి బావా?" అన్నాడు ధర్మారావు. ఈసారి నవ్వడానికి అడగలేదు.

"నేదు."

ధర్మారావు ఫోన్లో ఆటోని పిలిచాడు. "మిరియమ్మని తీసుకురా. ఒళ్లో కూకోబెట్టుకునైనా పోదాం."

జోయెల్ లోపలికి వెళ్లాడు.

మిరియం నిద్రపోతోంది. ఊరికే కళ్లు మూసుకోవడం కాదు, నిద్ర. ఇన్నాళ్లూ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునే మనిషి, కాళ్లు బారచాపి, ఒక చెయ్యి తలకింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. రగ్గు నడుందాకా జారింది. కడ్డీల ఎరుపు ఆమె చెంప మీద పడి, జబ్బుకి ముందున్న రంగు తిరిగొచ్చినట్టుంది. గురక కూడా వినిపించింది. పెళ్లైన కొత్తలో ఆ గురక గురించే ఇద్దరూ పోట్లాడుకున్నారు, "నాను కాదు, నువ్వే" అని.

జోయెల్ ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆ చెయ్యి మంచులో ఉండి వచ్చింది. అరచెయ్యి హీటరు దగ్గర కాచుకుని మళ్లీ వెయ్యబోయాడు. వెయ్యలేకపోయాడు.

బయట ఆటో హారను కొట్టింది. జోయెల్ వచ్చి చెప్పాడు. "మీరు ఎల్లండి బావా. మేం తరవాత వంతుకి వత్తాం."

"ఒక వంతు పోతే..."

"బేగి ఎల్లండి. మీకు ఆలీసం అవతాది."

ఆటో మంచులో కలిసిపోయింది. మిరియం పొద్దు బాగా ఎక్కాక లేచింది. కిటికీలో ఎండ చూసి, జోయెల్‌ని చూసింది. "టీ పెట్టినావా?" అంది. టీ ఆమెకి గుక్కెడే. ఆ గుక్కెడూ అరుగు మీద ఎండలో కూర్చుని, గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగింది. జీపు వీధి చివర ఇసకలో ముక్కు దించుకుని ఉంది. "సవితి అలిగింది" అంది మిరియం.

ఆసుపత్రికి ఫోను చేస్తే, ఆ రోజు గానీ మర్నాడు గానీ ఖాళీ లేదు, మామూలు వంతుకే రమ్మన్నారు. ఆ వంతు ముందురోజు సాయంత్రమే మిరియంకి ఊపిరి అందలేదు. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. పలాసలో చూసి, శ్రీకాకుళం తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కించారు. జోయెల్ పక్కన కూర్చుని ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎప్పుడూ తను నడిపే దారిలో తను నడపకుండా పోవడం అతనికి అదే మొదలు. టెక్కలి దాటాక, ఎంత రుద్దినా ఆ పాదాలు వెచ్చబడలేదు. అంబులెన్సు మాత్రం శ్రీకాకుళందాకా అదే వేగంతో వెళ్లింది.

అక్కడి డాక్టరు మంచివాడు. గుండె ముందునుంచే బలహీనపడిందనీ, ఒక్క వంతు తప్పినందుకే ఇలా అయిందని ఎవరూ చెప్పలేరనీ నెమ్మదిగా చెప్పాడు. జోయెల్ "అలగేనండి" అన్నాడు. డాక్టరు మాట నమ్మాడో లేదో ఆ మొహం చూస్తే తెలియదు.

సమాధి జీడితోట పక్కన, సంఘం స్థలంలో చేశారు. మట్టి వేసేటప్పుడు దాలమ్మ ఏడుస్తూ, "నాను ఎట్టిన సేపలు తిన్నాదా నా తల్లి, ఒక్క ముక్కైనా తిన్నాదా?" అంటూ జోయెల్ చెయ్యి పట్టుకుంది. అన్నీ తిన్నది తనేనని జోయెల్ చెప్పలేకపోయాడు.

ఒక్కడే ఉన్నప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చిపోతుండేది. హీటరు తీస్తేనే జీపు లేస్తుందని మిరియంకి తెలుసు. తెలిసే అడిగిందా? సూదులు, మిషను, ఆ దారి, అన్నీ చాలనిపించి ఒక పొద్దు సెలవు తీసుకుందా? లేక ఉత్తినే చలేసి అడిగిందా? ఏది నిజమైనా తను లేపలేదు. లేపగలిగుండి లేపలేదు. ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగేది. జోయెల్ లేచి ఏదో ఒక పనిలో పడేవాడు.

జ్ఞాపకార్థ కూడికకి మిరియం అక్క సలోమి టెక్కలి నుంచి వచ్చింది. బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. చెల్లెలికి జ్వరమొచ్చినా మరిదినే దబాయించే అలవాటు. కూడికలో అందరూ మిరియం గురించి మంచిమాటలు చెప్పారు. పాస్టరుగారు కనుబొమ్మ సంగతి చెప్పబోయి, మానేసి, వాక్యం చదివి కూర్చున్నారు.  ఆ రాత్రి సలోమి చెల్లెలి మంచం మీదే పడుకుంది.

తెల్లారగట్ల చప్పుడైతే లేచి అరుగు మీదకి వచ్చింది. మంచులో జోయెల్ జీపు కింద సగం దూరి ఉన్నాడు. ఇటుకల మీద హీటరు, చుట్టూ రేకులు, పైన బొంత. ధర్మారావు వంతు ఆ పొద్దునే. ఇంకాసేపట్లో తువ్వాలు చుట్టుకుని ఇసకలో నడిచొస్తాడు.

ఎర్రబడుతున్న ఆ కడ్డీలు చూసేసరికి, ఆ పొద్దు సంగతి ధర్మారావు నోట విని సలోమి అన్ని రోజులూ మింగుకున్నది ఒక్కసారిగా పైకి వచ్చేసింది.

"ఇవాళ పెడుతున్నావు! ఎవరికోసమో పొద్దున్నే లేచి పెడుతున్నావు జోయెల్! ఆ ఒక్క రోజూ ఇలాగే తీసుకొచ్చి జీపుకి పెట్టి ఉంటే నా చెల్లెలు ఉండేది కాదా? ఆ రోజే ఎందుకు పెట్టలేదు?"

జోయెల్ జీపు కిందనుంచి బయటికొచ్చాడు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా నూనె పోలేదు. వదినగారి మొహంలోకి చూడకుండా, తలుపు వారగా కనిపిస్తున్న మంచంవైపు చూశాడు.

"ఆ పొద్దు దానికి ఎచ్చగా నిద్దరట్టింది వదినా."